నల్లప్ప, కండ్లమ్మల సంబంధం

అప్పటికి నల్లప్ప తోక ఈకలు సగానికి పైగా పీకేశారు. మా బస్సు మాత్రం ఇంకా శిరివెళ్ల దాటలేదు. కాకుల పెద్దలు ఒకరి వెనక ఒకరు వచ్చి, తలా ఒక ఈక ముక్కుతో లాగి కింద పడేస్తుంటే, ఆ పిల్లోడు కళ్లు గట్టిగా మూసుకుని నొప్పి లేదు, నొప్పి లేదు అని తనకు తానే చెప్పుకుంటున్నాడని నేను బస్సు కిటికీ కమ్మీతో చెబుతున్నాను. పక్కసీటులో బొరుగుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె నేను తనతోనే మాట్లాడుతున్నాననుకుంది. పాపం ఎవరమ్మా ఆ పిల్లోడు, మీ వీధిలో వాడా అని అడిగింది. కాదవ్వా, కాకి అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, నా నుదుటి మీద అరచెయ్యి ఆనించి, జ్వరమేమీ లేదని తేలాక, సరే తర్వాత ఏమైందో చెప్పమంది. చెప్పాను. నల్లప్ప ఏం తప్పు చేశాడో, కండ్లమ్మ ఎవరో, వాళ్లిద్దరూ ఎక్కడ కలుసుకునేవాళ్లో అంతా మొదటి నుంచి చెప్పాను. ఆళ్లగడ్డ బస్టాండులో దిగాక గానీ తను దిగాల్సిన ఊరు ఎప్పుడో వెనక్కి పోయిందని ఆమెకు గుర్తు రాలేదు. కండక్టరును తిట్టింది గానీ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నా గుప్పిట్లో బొరుగులు పోసి వెళ్లింది.

నేను ఆరో తరగతి చదివే రోజుల్లో ప్రతి శనివారం ఇదే వరస. మా నాయన నంద్యాలలో ఒక విత్తనాల గోడౌనులో పని చేసేవాడు. అమ్మ ఇంట్లోనే మిషను కుట్టేది. ఒక గది, ఒక వంటిల్లు, ఆ గదిలో పట్టేంత చిన్న టీవీ. అబ్బ, జేజి, అంటే మా నాయన తల్లిదండ్రులు, ఆళ్లగడ్డలో పెద్దనాయన దగ్గర ఉండేవాళ్లు. శనివారం ఒంటిపూట బడి అయిపోగానే నాయన నన్ను బస్సెక్కించేవాడు, అక్కడ పెద్దనాయన దించుకునేవాడు. ఆదివారం సాయంత్రం మళ్లీ అదే దారిలో వెనక్కి. పిల్లకు జేజి మీద ఎంత ప్రేమో అనుకునేవాళ్లు అందరూ. ప్రేమ ఉంది, లేదనను. కానీ నేను అంత ఆత్రంగా వెళ్లేది వారమంతా టీవీలో చూసిన కాకి, గుడ్లగూబల కథను అబ్బకు అప్పజెప్పడానికి. చదువు నాకు పెద్దగా రాలేదు, ఇంటరు సగంలో ఆపేశాను. ఇప్పుడు నంద్యాలలో ఒక చీరల కొట్టులో చీరల మడతలు విప్పి చూపించే పని చేస్తున్నాను. ఎదుటి మనిషి ముందు ఏదో ఒకటి విప్పి పరచడం మాత్రం నాకు అప్పటి నుంచే వచ్చు.

ఆ బొమ్మల కథ ఏ దేశంలో తీశారో నాకు తెలీదు. మాటలు తెలుగులో చెప్పించారు. అందులో మనుషులు ఒక్కరూ ఉండరు, అన్నీ పక్షులే. మధ్యలో ఒక ఏరు. ఇవతలి గట్టున ఊరంత చెట్టు, దాని నిండా కాకులు. వాటికి అంగళ్లున్నాయి, బడి ఉంది, ఉయ్యాలలున్నాయి. అవతలి గట్టున కూలిపోయిన కోట, దాని బొరియల నిండా గుడ్లగూబలు. ముత్తాతల నాటి నుంచి ఈ రెండు జాతులకూ పడదు. పగలు ఆకాశం కాకులది, రాత్రి గుడ్లగూబలది. ఒకరి ఆకాశంలో ఇంకొకరు కనబడితే ఈకలు పీకి వెలివేస్తారు. కానీ పొద్దు గుంకిన తర్వాత, చీకటి పడకముందు, కాస్త వెలుతురు మిగులుతుంది చూడండి, ఆ కాసేపు ఆకాశం ఎవరిదో ఎవరూ రాసుకోలేదు. బడి నుంచి ఎప్పుడూ ఆలస్యంగా ఇల్లు చేరే కాకి పిల్లోడు, అందరికంటే ముందే నిద్రలేచే గుడ్లగూబ పిల్ల, ఆ వెలుతురులో విరిగిపోయిన వంతెన స్తంభం మీద ఎదురుపడ్డారు. మొదటి రోజు అసలైన ఆకాశం నాదంటే నాదని కొట్లాడుకున్నారు. రెండో రోజు ఆ కొట్లాట పూర్తి చేయడానికని మళ్లీ వచ్చారు. ఇంక రోజూ రావడమే. ఒక సాయంత్రం మాటల్లో పడి చీకటైపోతే, ఆ పిల్ల ఆకు దొన్నె నిండా మిణుగురులను పట్టి తెచ్చి, ఈ దీపంతో ఇంటికి పో అని అతని మెడకు తగిలించింది. అది చూసిన రోజు నేను సంతోషంతో అన్నం తినలేకపోయాను. కడుపులో పురుగులున్నాయేమో అని అమ్మ మాత్ర మింగించింది.

టీవీలో వాళ్ల పేర్లు వేరే, నోరు తిరిగేవి కావు. నల్లప్ప, కండ్లమ్మ అని పేర్లు పెట్టింది అబ్బ. ఆయనకు నంద్యాలలోనే కంటి ఆపరేషను చేశారు. కొన్నాళ్లు మా ఇంట్లో నల్ల అద్దాలు పెట్టుకుని ఉన్నాడు. టీవీ చూడొద్దన్నారు, చుట్ట తాగొద్దన్నారు. అందుకని టీవీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక సాయంత్రం గోడవైపు చూస్తూనే అడిగాడు.

“ఎవురు మే అట్ల ఏడుస్తాండేది?”

“గుడ్లగూబ, అబ్బా.”

“దానికేమొచ్చె?”

“కాకి మీద మనసు పడిందంట.”

అబ్బ చుట్ట నోట్లోంచి తీశాడు. “వాళ్లిండ్లల్లో తెల్సునా?”

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. దొర్నిపాడు నుంచి అవుకు దాకా ఎవరింట పెళ్లి మాటలు జరిగినా మా అబ్బను పిలుచుకుపోయేవాళ్లు. రెండు వైపుల పెద్దలూ మొహాలు తిప్పుకుని కూర్చుంటే మధ్యలో ఒక మాట జారవిడిచి అందరినీ నవ్వించే మనిషి ఆయన. కాబట్టి కాకి, గుడ్లగూబల సంగతి ఆయనకు బొమ్మల కథ కాదు, తన దగ్గరకు వచ్చిన ఇంకో సంబంధం. పిల్లోడి తల్లిదండ్రులు ఎట్లాంటివాళ్లు, పిల్లకు అన్నదమ్ములు ఎందరు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, అన్నీ అడిగాడు. కన్ను నయమయ్యాక ఒక రోజు నా పక్కన కూర్చుని టీవీలో చూశాడు కూడా. కాసేపటికే లేచిపోయాడు. అందరూ ఊరికే ఉరుకులాడుతున్నారు, నువ్వు చెబుతుంటేనే బాగుంది అన్నాడు. నిజమే, నేను చెప్పేటప్పుడు కథ కొంచెం లావెక్కేది. నల్లప్పకు ఒక ముసలి అవ్వ ఉంటుంది. గుడ్లగూబలతో కొట్లాటలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. కాకులన్నీ ఆమె మాటకు తల వంచుతాయి. టీవీలో ఆమె ఎప్పుడూ గూటిలో ముఖం మాడ్చుకుని కూర్చునేది. నేను చెప్పే కథలో మాత్రం చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, వేయించేది, మజ్జిగ చిలికేది, కోడళ్లను సతాయించేది. అదంతా నేను ఎక్కడి నుంచి తెస్తున్నానో జేజికి బాగా తెలుసు.

ఆళ్లగడ్డ ఇల్లు మట్టి మిద్దె. ఇంటి వెనక కళ్లంలో పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ వాసన దుప్పట్లకు, పలకకు, చివరికి పాలకు కూడా పట్టేది. రెండు వీధులవతల రాయి చెక్కేవాళ్ల ఉలి చప్పుడు పొద్దున్నుంచి వినబడుతూ ఉండేది, అది ఆగితే భోజనం వేళ అయిందని అర్థం. జేజి పొద్దున్నే స్నానం చేసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని, ఇక రోజంతా ఎవరినో ఒకరిని తిడుతూ పని చేసేది. సంగటి కెలికేటప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. ఆ కొంచెం సేపు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం. శనివారం నేను అరుగు మీద అబ్బ ఎదురుగా కూర్చుని కథ మొదలుపెట్టగానే, పనిలేని పిల్లకు పనిలేని ముసలోడు దొరికాడు అని పెద్దగా అనేది. అని, చేటలో బియ్యం పోసుకుని అరుగు పక్కకే వచ్చి రాళ్లు ఏరేది. నేను ఉన్న రెండు రోజుల్లో ఆ ఇంట్లో ఏరినంత శుభ్రంగా బియ్యం ఇంకెక్కడా ఏరి ఉండరు. పెద్దనాయన కూడా పలుపుతాడు పేనుకుంటూ అక్కడే తచ్చాడేవాడు.

మా మిద్దెను ఆనుకునే మార్తమ్మ టీచరు మిద్దె. పైన రెంటికీ మధ్య మోకాలెత్తు గోడ. ఆదివారం చర్చి నుంచి తెల్లచీరలోనే నేరుగా మా అరుగు మీదకు వచ్చి, నిన్న తను వినని భాగం మళ్లీ చెప్పించుకునేది. ఆమె మొదటి రోజు నుంచీ గుడ్లగూబ పక్షం. ఎవరింటి మీద వాలినా ఆ పిల్లను చూసి రాయి తీసుకుంటారు, అది చేసిన పాపమేమిటి అని అడిగేది. జేజి కాకి పక్షం. కాదు, కాకుల అవ్వ పక్షం. ఈ పెళ్లి జరగడానికి వీల్లేదని జేజి చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“కాకంటే ఎవురు మే, మన పెద్దోళ్లు. పోయినోళ్లు వచ్చి అన్నం ముట్టేది ఆ రూపంలోనే. ఆ ఇంటికి గుడ్లగూబ కోడలా? పగలంతా పండుకుంటాది, రాత్రంతా తిరుగుతాది. కాపురం చేసేదెప్పుడు?”

“సందె పొద్దు కాసేపు, తెల్లారుజామున కాసేపు,” అన్నాడు అబ్బ. “రెండు పూటలు మాట్లాడుకుంటే సాలదా? నువ్వూ నేనూ అంత సేపు యాడ మాట్లాడుకుంటిమి?”

మార్తమ్మ టీచరు కొంగు నోట్లో కుక్కుకుంది. జేజి చేటలోని రాయి ఒకటి తీసి అబ్బ మీదకు విసిరింది. అది తగలలేదు, తగలాలని విసిరింది కూడా కాదు. అబ్బ ఆ రాయిని ఏరి మళ్లీ చేటలో వేస్తూ, మిగతా వాళ్ల సంగతి ఎట్లా ఉన్నా ముసల్ది ఒప్పుకుంటే చాలు, సంబంధం కుదిరినట్టే అన్నాడు. నాతో అంటున్నాడు గానీ చూపు జేజి మీద ఉంది. ఎందరినో ఒప్పించాను, ఈ ముసలిదాన్ని ఒప్పించకుండా పోను అన్నాడు. నువ్వు ఎన్ని జన్మలెత్తినా కాదు అంది జేజి. అలా వారం వారం సాగింది. నేను బస్సు దిగగానే, అరుగు మీద కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్న అబ్బ, బాగున్నావా అని కూడా అడగకుండా, ముసల్ది ఏమంటుంది అని అడిగేవాడు.

మొన్న కొట్టులో బేరాల్లేని మధ్యాహ్నం ఆ బొమ్మల కథ కోసం ఫోనంతా వెతికాను. కాకి అని కొట్టాను, గుడ్లగూబ అని కొట్టాను, టీవీలో వచ్చిన పేర్లు గుర్తున్నంత వరకూ కొట్టాను. ఏవేవో వచ్చాయి గానీ అది రాలేదు. నాతోపాటు పనిచేసే అమ్మాయిలను అడిగితే ఒక్కరికీ తెలీదు, నువ్వు కలగని ఉంటావు అన్నారు. అయితే అయింది. ఇప్పుడు మా అక్క కూతురు బువ్వ తింటూ ఒక బొమ్మల కథ మొత్తం చూసేస్తుంది, నచ్చకపోతే మధ్యలోనే వేలితో తోసేస్తుంది. తర్వాత ఏమైంది అని దానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. నాకు దాని మీద కోపం లేదు, నేనూ అంతే, రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి చూడందే నిద్ర రాదు. కానీ తర్వాత ఏమైంది అనే మాటను ఒక పెద్దమనిషి నోట వారం రోజులు ఆపి ఉంచగలిగాను కదా, ఆ పొగరు నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. మా పెళ్లిచూపుల్లో కూడా రాలేదు.

నల్లప్ప తోక ఈకలు పీకిన వారం, ఆ బస్సు దిగి నేను చెప్పింది విని, అబ్బ వేలాడేసుకున్న కాళ్లు అరుగు మీదకు ముడుచుకున్నాడు. కథ అంతటితో ఆగలేదు. నల్లప్పను వెలివేశారన్న మాట కోట దాకా చేరింది. కండ్లమ్మ రాత్రి అయ్యే దాకా ఆగలేకపోయింది. వాళ్ల వాళ్లు అడ్డం పడినా వినకుండా, పట్టపగలు, కళ్లు ఏమీ కనబడని ఎండలో, బొరియలోంచి బయటికి ఎగిరింది. అక్కడ ఆపేశారు. సోమవారం చూద్దువుగానీ అన్నట్టు పాట వచ్చేసింది. అబ్బ చుట్ట ఆరిపోయింది. మళ్లీ వెలిగించుకోలేదు.

“ఎండలో దానికి దారి ఎట్ల కనపడ్తాది మే?”

“సోమారం తెలుస్తాది అబ్బా.”

“బేగా వచ్చి చెప్పు.”

సోమవారం బడి నుంచి పరుగెత్తుకొచ్చి టీవీ పెడితే, ఆ వేళకు కార్లు మాట్లాడుకునే బొమ్మలేవో వస్తున్నాయి. మంగళవారం కూడా కార్లే. ఏదో పండగని ఆపి ఉంటారు, మళ్లీ వేస్తారులే అని అమ్మ అంది. వెయ్యలేదు. ఆ వారం మధ్యలోనే ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. అబ్బ మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, ఇక లేవలేదు. జబ్బు లేదు, మూలుగు లేదు. అంత సులువుగా పోవడం అందరికీ రాదని వచ్చినవాళ్లంతా అన్నారు. నేను ఏడ్చిన ఏడుపు ఇక్కడ రాయను. ఆయన ఉన్న రోజుల గురించి రాయడానికే కూర్చున్నాను.

పెద్దదినం, అంటే పెద్దకర్మ రోజు మిద్దె మీద విస్తరాకు పరిచారు. అబ్బకు ఇష్టమైనవన్నీ అందులో ఉన్నాయి. సంగటి, కోడికూర, గోంగూర, వడలు, నెయ్యి కారే ఓళిగలు, అవే బొబ్బట్లు, పక్కన ఒక చుట్ట, అగ్గిపెట్టె. కాకి వచ్చి ముట్టాలి. ముట్టాక గానీ కింద ఎవరికీ విస్తళ్లు వెయ్యరు. కాకి రాకపోతే పోయిన మనిషికి ఏదో కొరత మిగిలిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే చేతులు జోడించి, నీ మనసులో ఉన్నది ఇదేనా, ఇది మేం చేస్తాం అని పైకే చెబుతారు. సరైన మాట పడితే కాకి దిగుతుంది. అది మా దగ్గర అందరికీ తెలిసిన సంగతే.

కాకి లేకపోలేదు. మార్తమ్మ టీచరు నీళ్ల తొట్టి అంచున ఒకటి కూర్చుని మమ్మల్నే చూస్తోంది. దిగదు. మా నాయన ముందుకొచ్చి, కళ్లం దగ్గర చింతచెట్టు కొట్టెయ్యంలే నాయనా అన్నాడు. కాకి ముక్కు తుడుచుకుంది. పెద్దనాయనేమో తమ్ముడూ నేనూ బాగుంటాం నాయనా అన్నాడు. లాభం లేదు. రాయి చెక్కేవాళ్ల ఉలి చప్పుడు కూడా ఆగిపోయింది. కింద వంద కడుపులు కాలుతున్నాయి. జేజి పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఏ కొరత పెట్టుకుని పోయాడో, నాతో ఒక్క మాట చెప్పకపోయాడే అని అంతకు ముందే వంటింట్లో మా అమ్మ భుజం మీద పడి ఏడ్చింది. ఇప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుని కాకికి ఎదురుగా నిలబడింది.

“పెద్దోడు ఇంగ సీసా ముట్టడంట. ఇనపడిందా?”

పెద్దనాయన ఉలిక్కిపడ్డాడు. “నేనెప్పుడంటి?”

“నువ్వు అనకపోతే నేనంటాండా. ఊరుకో, కాకి ఇంటాది.”

పెద్దనాయన తల దించుకున్నాడు. నేను ఆ సందులో వంటింటి నుంచి జేబులో వేసుకొచ్చిన వడ నోట్లో పెట్టుకుని నమలకుండా ఉన్నాను. కాకి ఇంకా దిగలేదు. మోకాలెత్తు గోడకు అవతల మార్తమ్మ టీచరు ఎప్పటి నుంచో నిలబడి ఉంది. ఆమె గొంతు సవరించుకుంది.

“అక్కా, ఈ కాకుల సంగతి నాకు తెల్దు. మా దాంట్లో లేదు. కానీ ఆ పొద్దు అన్నం తినేముందర అన్న ఈ గోడ కాడికి వచ్చి నన్నడిగింది ఒగటే మాట. మద్ది శనివారం ఏ బస్సుకు వస్తాది, కనుక్కోమ్మా అన్యాడు.”

మద్ది అంటే నేను. మద్దిలేటమ్మ నా పూర్తి పేరు. అందరూ నా వైపు తిరిగారు. వడ మింగేశాను.

“అది ఆగిపోయింది జేజీ. టీవీలో మల్ల రాలే,” అన్నాను.

“టీవీలో రాకపోతే ఏమి? ఆయప్ప ఇనింది నీ నోట్లోంచే కదా. చెప్పు.”

ఎట్లా మొదలుపెట్టానో తెలీదు. చేతులు జోడించుకుని, కాకి వైపు చూస్తూ, అబ్బా, కండ్లమ్మ ఎండలోకి ఎగిరింది కదా అన్నాను. తర్వాత మాట దానంతట అదే వచ్చింది. ఆ ఎండకు ఆమెకు లోకమంతా తెల్లగోడలా అయిపోయింది. పిచ్చుకలు, గోరింకలు వెంటపడి పొడిచాయి. ఎటూ కనబడక, ఇంక కళ్లతో పని లేదని కళ్లు మూసుకుంది. మూసుకుంటే నల్లప్ప గొంతు వినబడింది, ఏటి అవతల ఎక్కడో ఒక్కడే కూర్చుని కావుమంటున్నాడు. ఆ గొంతు పట్టుకుని ఎగిరింది. ఆమె రావడం చూసి నల్లప్ప ఎదురెగిరాడు. తోక లేదు కదా, తోక తెగిన గాలిపటంలా నిటారుగా పైకి, ఒక్కసారిగా కిందికి, అటో గిరికీ ఇటో గిరికీ. పెద్దనాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆకాశం నడిమధ్య ఇద్దరూ ఢీకొని, ఒకరి రెక్కలో ఒకరు చిక్కుకుని, దొర్లుకుంటూ వచ్చి ఎక్కడ పడ్డారంటే, నల్లప్ప అవ్వ చెనిక్కాయలు వేయిస్తున్న గూట్లో, సరిగ్గా పొయ్యి మీది మంగలం పక్కన. కాకులన్నీ మూగాయి. కండ్లమ్మ మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు. ఎవరిది ఈ పిల్ల అని అడిగింది అవ్వ. నా మనిషి అన్నాడు నల్లప్ప.

అక్కడ ఆగిపోయాను. కావాలని కాదు. ఆ తర్వాత ఆ ముసలామె ఏమంటుందో నాకు నిజంగా తోచలేదు. నేను చెప్పినన్ని వారాల్లో ఆమె ఒక్క అంగుళం మెత్తబడలేదు.

“ముసల్ది ఏమన్యాది మే?” అని పెద్దనాయన అడిగాడు.

“ఏమనలే. ఆలోచన చేస్తాండాది,” అన్నాను, జేజిని చూస్తూ.

అప్పుడు అందరూ జేజినే చూశారు. నాయన, అమ్మ, గోడవతల మార్తమ్మ టీచరు, మెట్ల మీద బారులు తీరిన చుట్టాలు, నీళ్ల తొట్టి మీది కాకి కూడా మెడ పక్కకు వంచి. జేజి కొంగు సర్దుకుంది. ఒకసారి విస్తరాకు వైపు, ఒకసారి ఆరిపోయిన అగరొత్తుల వైపు చూసింది. తర్వాత కాకి ముఖంలో ముఖం పెట్టి, ఇంట్లో మనిషితో అన్నంత మామూలుగా అంది.

“సరే, ఒప్పుకుంటి. గుడ్లగూబైతేనేమి, మనవడు మెచ్చిన పిల్ల. చేసుకోనీ. నీ మాటే నెగ్గె. ఇంగ వచ్చి తిను.”

కాకి దిగింది. నేను ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాను, దిగింది. విస్తరాకు చుట్టూ ఒకసారి నడిచి, సంగటి వదిలేసి, కోడికూర వదిలేసి, ఓళిగ ఒకటి మొత్తంగా ముక్కున కరుచుకుని లేచిపోయింది. మా నాయనే, ఆ తీపి యావ మా నాయనదే అని పెద్దనాయన పెద్దగా అరిచాడు. ముందు ఎవరు నవ్వారో తెలీదు, మిద్దె మిద్దె అంతా నవ్వింది. పెద్దదినం నాడు ఇదేం నవ్వు అని వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూశారు. జేజి నవ్వుతోందో ఏడుస్తోందో తేలలేదు. బతికున్నన్నాళ్లూ ఒప్పించలేక, పోయి ఒప్పించుకున్నాడు చూడు అని అందరికీ చెప్పింది. చెప్పి, కింద కూలబడి, మొదటి ముద్ద తనే అడిగి పెట్టించుకుంది.

ఇప్పుడు మా ఇళ్లల్లో సంబంధాలు ఫోనులోనే తేలిపోతున్నాయి. నా ఫొటో మా ఆయన ఫోనుకు, ఆయన ఫొటో నా ఫోనుకు వచ్చి, రెండు కుటుంబాలూ కలిసి కాఫీ తాగే లోపలే మాటలైపోయాయి. మొహాలు తిప్పుకుని కూర్చున్నవాళ్లూ లేరు, మధ్యలో మాట జారవిడిచేవాళ్లూ లేరు. సులువే, బాగానే ఉన్నాం. కానీ ఒక్క పిట్ట కోసం అంతమంది ఆకలిని పట్టుకుని నిలబడటం, గీసిన బొమ్మల పెళ్లికి నిజం ముసలామె నిజంగా తలొగ్గడం నేను చూశాను. నా పెళ్లిలో అక్షింతలు పడేటప్పుడు కూడా నా మనసు ఒక్కసారి ఆ మిద్దె మీదకు పోయి వచ్చింది.

మర్నాడు పొద్దున నాయన, అమ్మ నంద్యాల బస్సుకు సంచులు సర్దుకుంటుంటే జేజి నన్ను వంటింట్లోకి పిలిచింది. ఇత్తడి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు పెట్టి ఉన్నాయి. మాట ఇచ్చాక పిల్ల తరఫువాళ్లను అడగాలి కదా, నేను ఇప్పుడు ఇట్లాంటి వాటికి ముందుండకూడదు, నువ్వు పో అంది. బోడి నుదురుతో అలా ఎందుకు అంటోందో అప్పుడు నాకు తెలీలేదు. ఎవరింటికి పోవాలి జేజీ అంటే గడ్డంతో పక్కింటి వైపు చూపించింది. మిద్దె మీది నుంచి గోడ దాటి పోబోతే ఆపింది. అది మర్యాద కాదు, వీధిలోంచే పోవాలంది. నేను పరికిణీ కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, పళ్లెం ఇంకో చేత్తో ఎత్తుకుని, మా వాకిలి దిగి, వాళ్ల వాకిలి ఎక్కి తలుపు కొట్టాను. మార్తమ్మ టీచరు తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. పళ్లెం ముందుకు చాచి, పెద్ద మనిషిలా గొంతు మార్చి, “మీ కండ్లమ్మను మా నల్లప్పకు అడగను వచ్చినాము” అని చెప్పాను.